దీపాలదిన్నె నేర్పిన పాఠం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను, ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాను. ఆ కంటితోనే అమరావతి స్తూపం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1978లో గుంటూరులో పనిచేస్తున్నప్పుడు నాన్నగారిని అమరేశ్వరుడి దర్శనానికి తీసుకువెళ్లి, స్తూపం కూడా చూపించాను. గడ్డి మొలిచిన దిబ్బ, కొన్ని రాళ్లు. "ఇంతేనట్రా?" అన్నారాయన. జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నాను.

18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్టణం కట్టిస్తున్న రోజుల్లో, ఇటుకల కోసం దీపాలదిన్నెను తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. కబురు విని మెకంజీ దొర వచ్చి చూశాడు. 1816లో ఆయన తిరిగి వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. అప్పుడాయన తన మనుషుల చేత కొలతలు తీయించి, 80కి పైగా చిత్రాలు గీయించాడు.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, కొన్నేళ్లు ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిశాయి. ఆ పైన లండన్ వెళ్లి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఆ ఏడాదే మిగిలిన దిన్నెనంతా తవ్వెయ్యమని మద్రాసు గవర్నరు ఉత్తర్వు. మరుసటి ఏడు పరిశీలనకు వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు కనిపించింది పెద్ద గొయ్యి. ఏ రాయి ఎక్కడ ఉండేదో చెప్పే ఆధారం చాలావరకు పోయింది. అంతకుముందే కొన్ని పలకలు సున్నపు బట్టీల పాలయ్యాయి. పోయిన పలకల్లో కొన్నిటికి నేడు మెకంజీ బొమ్మలే సాక్ష్యం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో పాత కట్టలకు చెదలు పట్టాయని తగలబెట్టించారు. ఏమేం ఉన్నాయో జాబితా రాయవలసినవాణ్ణి నేనే. సాయంత్రం బస్సుకు వేళయిందని, రాయకుండానే సంతకం చేశాను. ఏం పోయిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

చెన్నైలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాను. ఇంతే కాదని చెబుదామంటే నాన్నగారు లేరు.

మన ఊళ్లలో పాత గుళ్లు, శాసనాలు, మసీదులు ఎన్నో ఉన్నాయి. బాగుచేయించే స్తోమత మనకు లేకపోవచ్చు. పలుగు పడకముందే కొలిచి, ఫొటో తీసి, తేదీ వేసి రాసిపెట్టడం మనకు చేతనైన పనే. జీవితమంతా చేసినదే కదా!