పురుగులో దొరికిన పగ్గం

ప్రొస్టేట్ క్యాన్సర్ గురించి చెప్పాలంటే ఒక పురుగుతో మొదలుపెట్టాలి. సీ. ఎలిగాన్స్ అనే ఆ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. దానిలో లిన్-4 అనే జన్యువు చెడితే కణాలు పసిదశలో చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తాయి. గుడ్లు బయటికి వచ్చే దారి ఏర్పడక, అవి కడుపులోనే పోగుపడతాయి.

హార్వర్డ్‌లో విక్టర్ ఆంబ్రోస్ బృందం ఆ జన్యువును పట్టుకుంది. తీరా చూస్తే అది ప్రోటీన్ చేసే జన్యువే కాదు. దాన్నుంచి వచ్చేదల్లా 22 అక్షరాల ఆర్ఎన్ఏ ముక్క. గ్యారీ రవ్‌కన్ అనే మరో శాస్త్రవేత్త అప్పటికే అదే పురుగులోని లిన్-14 జన్యువు మీద పనిచేస్తున్నారు. ఇద్దరూ ఆ రెండు జన్యువుల అక్షరాల వరసలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ముక్క వెళ్లి లిన్-14 సందేశ ఆర్ఎన్ఏ చివర అతుక్కుంటోందనీ, ప్రోటీన్ తయారీకి పగ్గం వేస్తోందనీ తేలింది. 1993 డిసెంబరులో 'సెల్' పత్రిక ఇద్దరి వ్యాసాలనూ ఒకే సంచికలో వేసింది. అదేదో పురుగుల గొడవ అనుకుని చాలామంది ఊరుకున్నారు. 2000లో లెట్-7 అనే ముక్క మనిషిలోనూ దొరికాక గానీ అందరి చూపూ ఇటు తిరగలేదు. ఇద్దరికీ నోబెల్ వచ్చేసరికి 2024 అయింది.

క్యాన్సర్‌తో చుట్టరికం 2002లో బయటపడింది. ఒక రకం రక్తక్యాన్సర్‌లో 13వ క్రోమోజోము ముక్క ఒకటి తరచూ ఊడిపోతుంది. అక్కడ పోయిన జన్యువేదని ఏళ్లతరబడి వెతికారు. అక్కడున్నవి లిన్-4 లాంటి చిన్న ముక్కలే, అంటే మిర్-15, మిర్-16 అనే రెండు మైక్రో ఆర్ఎన్ఏలని కార్లో క్రోచే బృందం చూపించింది.

ముదిరిన ప్రొస్టేట్ కణితుల్లోనూ ఈ రెండూ తగ్గిపోతాయని 2008లో ఇటలీ పరిశోధకులు రాశారు. ఇవి ఉంటే మూడింటిని అదుపులో పెడతాయి: చావాల్సిన కణాన్ని బతికించే బీసీఎల్2, విభజనకు తోసే సైక్లిన్ డీ1, పెరగమని సంకేతమిచ్చే డబ్ల్యూఎన్‌టీ3ఏ. ఎలుకల్లో వీటిని అణచిపెడితే ప్రొస్టేట్ కణాలు అతిగా పెరిగాయి. కణితిలోకి తిరిగి పంపితే అది కుంచించుకుపోయింది.

అలాగని మైక్రో ఆర్ఎన్ఏలన్నీ మంచివే అనుకోకండి. మిర్-21 కణితి పక్షం. పైగా పురుష హార్మోన్లే దాన్ని పెంచుతాయి. 'క్యాన్సర్‌ను ఆపే ఆర్ఎన్ఏ దొరికింది' అనే వార్తల మీద నాకు గురి లేనిది అందుకే.

పరీక్షల విషయానికొస్తే, 2008లోనే సియాటిల్ పరిశోధకులు మిర్-141ను రోగుల రక్తంలో పట్టుకున్నారు. వ్యాధి ఒళ్లంతా పాకినవారినీ ఆరోగ్యవంతులనూ అది వేరుచేయగలిగింది. ఆసుపత్రుల్లో మాత్రం ఇవాళ్టికీ ముందు రాసేది పీఎస్ఏ అనే ప్రొస్టేట్ ప్రోటీన్‌ను కొలిచే రక్తపరీక్షే. మందు సంగతికొస్తే, ప్రొస్టేట్ క్యాన్సర్ ఎలుకల్లో పనిచేసిన మిర్-34ను కొవ్వు బుడగల్లో పెట్టి 2013లో ఇతర క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడటంతో 2016లో ఆ ప్రయోగం ఆపేశారు.