శవపరీక్షకు శవమెవరిది?

వైద్యవిద్యార్థి శరీర నిర్మాణమును నేర్చుకొనవలెనన్న శవమును కోసి చూడవలసినదే. ఆ శవము ఎవరిది కావలెను? ఈ ప్రశ్నకు బ్రిటన్ చట్టములు మూడు కాలములలో మూడు సమాధానములు చెప్పినవి.

హంతకునిది కావలెనని 1752 నాటి చట్టము చెప్పెను. ఉరితీయబడిన హంతకుని శవమును కోయవలెను, లేదా గొలుసులతో వ్రేలాడదీయవలెను; అంతవరకు పూడ్చరాదు. వైద్య పాఠశాలలు పెరిగినకొలది ఆ శవములు చాలవయ్యెను. సమాధులు త్రవ్వి శవములను అమ్మువారు బయలుదేరిరి. చట్టము దృష్టిలో శవము ఎవరి ఆస్తియు కాదు. దానిపై కప్పిన వస్త్రము మాత్రము ఆస్తియే. అందుచే దొంగలు వస్త్రములను గోతిలోనే వదలి, శవమును తీసికొనిపోయెడివారు! 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అను ఇరువురు శవముల వెలకై 16 మందిని చంపిరి. 1829లో బర్క్‌ను ఉరితీసి, అతని శవమునే విద్యార్థుల ఎదుట కోసిరి.

1832 నాటి అనాటమీ చట్టము హంతకుల శవములను కోయుట మాన్పించి, బోధకులకు లైసెన్సులను, తనిఖీ అధికారులను ఏర్పరచెను. ఎవరును అడుగని శవములను పాఠశాలలకు ఇప్పించెను. సమాధుల దొంగతనము అణగెను. కాని అట్టి శవములు హెచ్చుగా పేదల శరణాలయములనుండి వచ్చినవే. హంతకుని శిక్ష పేదవాని పాలయ్యెను.

2004 నాటి చట్టముతో ఇంగ్లండులో మూడవ సమాధానము స్థిరపడెను: బ్రతికియుండగా తానే వ్రాతమూలకముగా సమ్మతించినవాని శరీరమే విద్యార్థి ముందునకు రావలెను.