మూడు సీమల పథ్యము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను నీ మూడు సీమలును పడమటి పీఠభూమి మీద దాపుదాపుననే యున్నను, 1911వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లా యేర్పడునంతవరకు ఒకే కలెక్టరు కచేరి క్రింద నుండినవి కావు. మదనపల్లె కడప జిల్లాలోనిది కాగా, పుంగనూరు జమీనును, కంగుంది జమీనులో చేరిన కుప్పమును ఉత్తరార్కాటు జిల్లాకు చెందియుండెను. కచేరీలు వేరైనను పొయ్యి మాత్రము ఒక్కటే. వాన తక్కువగు నీ మెట్టనేలలో రాగిసంగటియు, ఉలవకట్టును, అనపగింజల కూరయు, వేసవిలో మజ్జిగ కలిపిన అంబలియు, చెనిక్కాయ పైరు వ్యాపించిన పిదప ఊరుబిండియు రైతు కంచమును నింపుచు వచ్చినవి. ఆ కంచములో నుండి రోగి యేది తినవచ్చునో, యేది తినరాదో నిర్ణయించు ఆచారమే పథ్యము. దానికిని ఒక చరిత్ర కలదు. నేడు వారమునకు మూడుమారులు డయాలసిస్ మంచముపై నాలుగేసి గంటలు పరుండి యింటికి వచ్చు మూత్రపిండరోగి కంచము చుట్టును జరుగు వాదములు చాలవరకు ఆ చరిత్రలోని వేర్వేరు కాలముల మాటలే యని నా యభిప్రాయము.

పూర్వపు పథ్యమునకు మూలసూత్రము తగ్గించుట. జ్వరము సోకెనా, చింతపండు, వంకాయ, గోంగూర, నూనె మొట్టమొదట తొలగును. పిదప జావయో, మిరియపుచారుతో మెత్తని యన్నమో మిగులును. లంఘనము పరమౌషధమను మాట ప్రతి యింటి పెద్ద నోటను సిద్ధముగా నుండును. నాలుగు దినముల జ్వరమున కీ పద్ధతి వలన కీడు లేదు. బహుశః మేలే కలదు. కాని రోగము నాలుగేండ్లు, పదియేండ్లు నిలుచునదైనప్పుడు తగ్గించుటయే పథ్యమనుకొన్నచో రోగముకంటె ముందు పథ్యమే మనుష్యుని కృశింపజేయును.

ఈ విషయమై మన ప్రాంతమున జరిగిన తొలి గట్టి వాదము ఆసుపత్రిలో గాక కరవులో జరిగినది. 1876-78 సంవత్సరముల మహాక్షామమున కడప, ఉత్తరార్కాటు జిల్లాలు తీవ్రముగా నలిగినవి. కరవుపని చేయు పెద్దవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై కొద్ది చిల్లరయు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయింపగా, మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరగు డాక్టరు కార్నిష్, ఆ కొలత పనిచేయు మనుష్యుని నిలుపజాలదనియు, ధాన్యమును పెంచి పప్పుదినుసులను చేర్చనిదే కండ కరగిపోవుననియు పట్టుపట్టి వాదించెను. కూలివాని కడుపును గూర్చిన యీ తగవు నూరేండ్లు గడచిన పిదప డయాలసిస్ రోగి విషయమున మరల తలయెత్తినది.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున పలు క్రైస్తవ మిషనులు కూడి స్థాపించిన క్షయ శానిటోరియము 1915లో తెరువబడినది. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మ్యొల్లర్ దానికి తొలి యధ్యక్షుడు. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తును, పొడిగాలియు చూచి యా స్థలము నెన్నుకొనిరి. ఏలయన స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొనబడు వరకు క్షయరోగమునకు సరియైన మందే లేదు. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన తిండి యనునవే నాటి శానిటోరియముల యౌషధములు. పాలు, గ్రుడ్లు మందుచీటీలోని మాటలైనవి. పథ్యమనగా మానుట యని తరతరములుగా నమ్మిన సీమకు, పథ్యమనగా పెంచుట యని చెప్పిన సంస్థ ఇదియే. శానిటోరియములలో రోగిని తరచు తూచుచుండిరి. ముల్లు ఒక పౌను ముందునకు జరిగినచో అది జయము, వెనుకకు జరిగినచో భయము. వెన్న పుష్కలముగా గల పాల కొరకు పేరుపొందిన పొట్టి పుంగనూరు ఆవు పుట్టినిల్లు ఇచ్చటికి కూతవేటు దూరముననే యుండుట యీ కథలో నా కిష్టమైన సంగతి.

ఈ సిద్ధాంతము నలుబది యేండ్లు రాజ్యమేలిన పిదప మద్రాసులో దానికి పరీక్ష వచ్చినది. 1956లో అచ్చట నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధనకేంద్రమున 193 మంది పేదరోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును శానిటోరియములో మంచి తిండితోను, రెండవ జట్టును ఇరుకు ఇండ్లలో వారి కలవాటైన తక్కువ తిండితోను ఉంచి, ఇరువురికిని ఒక యేడు ఒకే మందు లిచ్చి చూడగా, రెండు జట్లలోను రోగము నయమగుట దాదాపు సమానముగా నుండెను. 1959లో ఈ ఫలితము వెలువడినంతట శానిటోరియముల వైభవము ప్రపంచమంతటను క్షీణింప నారంభించినది. అయితే తిండికి విలువయే లేదని దీనినుండి తీర్మానించినవారు తొందరపడిరి. జార్ఖండులో జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధన, క్షయరోగి కుటుంబమునకు ఆహారము నందించినచో ఆ యింటివారికి రోగము సోకుట గణనీయముగా తగ్గునని చూపినది. మందు మారినప్పుడెల్ల తిండి స్థానము మారును. తిండి మాత్రము రంగము విడువదు.

మూత్రపిండరోగము కథ దీనికి ప్రతికూలముగా నడచినది. లండనులో రిచర్డ్ బ్రైట్ 1827లో ఆ వ్యాధిని వర్ణించిన తరువాత శతాబ్దమునకు పైగా వైద్యుల చేతిలో నుండిన ప్రధానాయుధము తగ్గించుటయే. మాంసకృత్తులు శరీరములో విరిగి యూరియా మొదలగు మాలిన్యములగుననియు, వానిని వెడలగొట్టలేని మూత్రపిండముపై భారము తగ్గింపవలెననియు వారి తర్కము. జర్మనీ నుండి అమెరికా చేరిన వాల్టర్ కెంప్నర్ అను వైద్యుడు 1940 ప్రాంతమున బియ్యము, పండ్లు, చక్కెర మాత్రమే పెట్టి, దినమునకు ఇంచుమించు 20 గ్రాముల మాంసకృత్తులతో రోగులను నిలిపెను. వరి యన్నము డాలర్లు పోసి కొనదగిన యౌషధ మగుట చూచి మన యవ్వలు నవ్వియుందురు. ఇటలీలో 1963లో జియోర్డానోయు, 1964లో జియోవన్నెట్టియు ఆ తగ్గింపునకు శాస్త్రీయమైన కొలత లేర్పరచిరి. తగ్గింపు శాస్త్రమైనది గాని ప్రాణము నిలుచుట కొద్దినెలలే.

అది మార్చినది యంత్రము. పొర గుండ చిన్న కణములను వడియగట్టు ధర్మమును థామస్ గ్రాహం 1861లో తెలిపెను. 1913లో బాల్టిమోరులో ఏబెలు, జలగల నుండి తీసిన పదార్థముచే నెత్తురు గడ్డకట్టకుండ చేసి, కుక్కలపై ప్రయోగించెను. 1943లో, నాజీల యాక్రమణలో నున్న హాలెండులో, విలెం కోల్ఫ్ సాసేజి తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును పీపాకు చుట్టి మనుష్యులకు వాడదగిన కృత్రిమ మూత్రపిండము నిర్మించెను. తొలిరోగులు పలువురు మరణించిరి. 1945లో ఒక వృద్ధురాలు బ్రతికెను. 1960లో సియాటిలున స్క్రిబ్నరు టెఫ్లాను గొట్టమును చేతిరక్తనాళములలో నిలిపి యుంచుటతో మరల మరల డయాలసిస్ చేయుట సాధ్యమైనది. 1966లో న్యూయార్కు వైద్యులు ధమనిని సిరతో కలిపి కుట్టు ఫిస్ట్యులా పద్ధతిని ప్రకటించిరి. ఈనాటికిని రోగి ఫిస్ట్యులా గల చేతిపై బరువు మోయరాదు, రక్తపోటు పట్టీ కట్టించుకొనరాదు, తలక్రింద పెట్టుకొని నిద్రింపరాదు.

కుప్పమువారికి ఈ యంత్రము మొదట రైలు ప్రయాణముగా పరిచయమైనది. 1864 నుండి నడచుచున్న బెంగుళూరు-జోలార్పేట మార్గమున నున్న యీ యూరివారికి ఒకవంక బెంగుళూరును, మరియొకవంక కాట్పాడి మీదుగా వేలూరును అందుబాటులో నుండెను. 1900లో ఐడా స్కడ్డరు ప్రారంభించిన వేలూరు ఆసుపత్రికి మూలమైన ఆర్కాటు మిషనే మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని స్థాపించినది. భారతదేశమున డయాలసిస్ 1960 దశాబ్దపు తొలినాళ్ళలో మొదలైన తావులలో వేలూరు ముఖ్యము. 1971లో మోహనరావు, జానీ అను వైద్యులు దేశమున తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడిని అచ్చటనే జరిపిరి. అయినను నెలల తరబడి, ఏండ్ల తరబడి డయాలసిస్ చేయించుకొనుట పేదలకు సాధ్యము కాలేదు. ఎడ్లమ్మి, పొలమమ్మి కొన్నిమారులు చేయించుకొని మానుటయే సర్వసాధారణము. 2001లో కుప్పమున పి.ఇ.ఎస్. వైద్యవిద్యాసంస్థ వెలయుట, 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చి డయాలసిస్ ఖర్చును ప్రభుత్వము భరించుట, 2016లో జాతీయ డయాలసిస్ పథకము ప్రకటితమగుట, పిదప రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను లభించుట యను క్రమమున మంచము దగ్గరైనది. యంత్రపు సమస్య తీరిన చోట వంట సమస్య మొదలైనది.

ఏలయన డయాలసిస్ రోగికి తగ్గించుట, పెంచుట యను రెండు పథ్యములును ఏకకాలమున కావలెను. యంత్రము మాలిన్యముతో పాటు ఒక్కొక్కమారు ఆరు మొదలు పది గ్రాముల వరకు అమైనో ఆమ్లములను గూడ తీసివేయును. కనుక అంతకుముందు మాంసకృత్తులు తగ్గింపుమన్న వైద్యుడే, డయాలసిస్ మొదలైన నాటినుండి కిలోబరువునకు ఒక గ్రాముకు పైగా తినుమనును. ఈ మలుపు ఇంటివారికి తెలియదు. పప్పు, గ్రుడ్డు మానుమని రెండేండ్ల క్రిందట చెప్పిన చీటీనే నేటికిని పాటించి, మంచి చేయుచున్నామను తలంపుతో రోగిని శుష్కింపజేయువారెందరో కలరు. మరియొకవైపు తూకపుయంత్రము అర్థము తలక్రిందులైనది. ఆరోగ్యవరమున బరువు పెరుగుట ఆరోగ్యము. ఇచ్చట రెండు డయాలసిస్‌ల నడుమ పెరిగిన కిలోలు మాంసము కావు, ఉప్పు పిలిచి నిలిపిన నీరు. ఆ నీరు ఊపిరితిత్తులలో నిండినచో ఊపిరియాడదు. వేసవిలో కుప్పపు రోగిని దాహము మాన్పించుటకంటె ఊరగాయను మాన్పించుట సులభము. ఉప్పు తగ్గినచో దాహము తానే తగ్గును.

ఇంక పొటాషియము. మూత్రము తగ్గినవానికి కొబ్బరినీళ్ళు, బార్లీనీళ్ళు త్రాగించుట మన యిండ్లలో చిరకాలపు చలువవైద్యము; డయాలసిస్ రోగికి కొబ్బరినీటిలోని పొటాషియము గుండెను నిలిపివేయగలదు. మదనపల్లె మార్కెట్టును దేశప్రసిద్ధము చేసిన టొమాటోకును హద్దు కావలెను. కాయగూరలను సన్నగా తరిగి, పుష్కలమైన నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయుమని ఆహారనిపుణులు చెప్పుదురు. కాని యీ సీమలో గింజలు వార్చిన కట్టును పారబోయుట పాపము, అదియే చారు. కూరలో నుండి వెడలిన పొటాషియము చారు రూపమున కంచమునకు తిరిగివచ్చును! అనపగింజల పితికిపప్పు సంగతి వేరు: రాత్రియంతయు నానవేసి, పొట్టు పిదికి, నానిన నీరు పారబోయు నీ పాతపద్ధతి తెలియకయే రోగికి కొంత మేలు చేయుచున్నది. రాగులలో పాలిష్ బియ్యముకంటె పొటాషియము సుమారు నాలుగింతలు, భాస్వరము రెండింతలు కలదు. ఐనను ధాన్యపు భాస్వరము సగపాలే ఒంటబట్టును, సీసా శీతలపానీయములలోను, నిలువ తినుబండారములలోను కలుపు భాస్వరము దాదాపు సంపూర్ణముగా పట్టును. కావున సంగటిని నిషేధించి బేకరీ సరకును విడిచిపెట్టు పథ్యము నాకు హాస్యాస్పదముగా తోచును. ఈ లెక్కలకు ఆధారమైన పట్టికలు గూడ దక్షిణదేశపు సొత్తే. 1918లో కూనూరున మెక్‌కారిసన్ ఆరంభించిన పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యైనది.

ఇంత లెక్కను ఇంటిలో నడుపువారెవరు? భార్యయో, కోడలో. రెండు వంటలు వండ కట్టెయు, గ్యాసును, కాలమును చాలక, ఇంటిల్లిపాదియు చప్పిడి కూడు తినునది ఒకచోట; రోగియే అందరి కారపు కూర తినునది మరియొకచోట. పింఛను సొమ్ములో దినమునకు రెండు గ్రుడ్ల వెల ఎంతయో లెక్కవేసి చెప్పువారు వారికి కావలెను. యంత్రములకును, ఒక్కొక్క డయాలసిస్‌కు 120 లీటర్ల శుద్ధజలమునకును సొమ్ము వెచ్చించు ప్రభుత్వమును నేను కోరునదొక్కటే: ఈ మూడు సీమలలో డయాలసిస్ జరుగు ప్రతి యాసుపత్రిలోను, సంగటి, కట్టు, పితికిపప్పు తిని పెరిగిన ఒక ఆహారనిపుణురాలిని నియమించి, నెలనెలయు రక్తపరీక్ష చీటీని రోగి ఇంటి వంటచేయువారి ముందుంచి వివరించు బాధ్యతను ఆమె కప్పగింపవలెను.