ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి

వీసా అక్కర్లేని విదేశీ ప్రయాణికుడి వివరాలను అతడు బయలుదేరక ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, పరిశీలించి, ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే ముందస్తు అంగీకారం ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి. వాడుకలో ఈటీఏ అంటారు. అమెరికాలో దీని పేరు ఈస్టా, దక్షిణ కొరియాలో కె-ఈటీఏ, ఐరోపాలో రాబోతున్నది ఎటియాస్. దీనికి ఇంటర్వ్యూ ఉండదు, పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఉండదు. అనుమతి పాస్‌పోర్టు నంబరుతో ముడిపడి ప్రభుత్వ డేటాబేస్‌లో ఉంటుంది. అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు. ఉన్నంత మాత్రాన దేశంలోకి రానిస్తారన్న హామీ కూడా లేదు. ఆ నిర్ణయం దిగిన చోట ఇమ్మిగ్రేషన్ అధికారిదే.

ఈ ఏర్పాటు చరిత్ర ముప్పై ఏళ్లే. ఆ ముప్పై ఏళ్లలో సరిహద్దు తనిఖీ దిగే విమానాశ్రయంలోని కౌంటరు నుంచి ఎక్కే విమానాశ్రయానికి, అక్కడి నుంచి ప్రయాణికుడి ఇంట్లోని ఫోనులోకి జరిగింది.

పూర్వరంగం

పాస్‌పోర్టుకు అంతర్జాతీయంగా ఒక రూపం ఇవ్వడానికి నానాజాతి సమితి 1920లో పారిస్‌లో సమావేశం జరిపింది. అరవై ఏళ్ల తర్వాత, 1980లో, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యంత్రం చదవగలిగే పాస్‌పోర్టుకు ప్రమాణాలు ప్రకటించింది. ఫొటో ఉన్న పేజీ అడుగున కనిపించే, ఒక్కొక్కటి 44 అక్షరాలున్న రెండు వరుసలు ఆ ప్రమాణం ఫలితమే. నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీల పక్కన ఒక్కో తనిఖీ అంకె ఉంటుంది. యంత్రం ఒక్క అక్షరం తప్పు చదివినా ఆ అంకె చాలావరకు పట్టిస్తుంది. చేతిరాత పాస్‌పోర్టులు 2015 నవంబర్ 24 తర్వాత అంతర్జాతీయ ప్రయాణానికి పనికిరాకుండా పోయాయి. ఇరవై ఏళ్ల గడువుతో పాత చేతిరాత పుస్తకాలున్న భారతీయులు అప్పుడు వాటిని మార్చుకోవలసి వచ్చింది.

యంత్రం చదివే పాస్‌పోర్టు ఈటీఏకు ఒక పునాది. రెండో పునాది విమానయాన సంస్థల మీద వేసిన బాధ్యత. సరైన పత్రాలు లేనివారిని తీసుకొస్తే ప్రయాణికుడికి వెయ్యి పౌండ్ల చొప్పున జరిమానా కట్టాలని బ్రిటన్ 1987లో చట్టం చేసింది. ఇతర దేశాల్లోనూ ఇలాంటి చట్టాలే వచ్చాయి. దాంతో చెక్-ఇన్ కౌంటరులో కూర్చున్న ఉద్యోగి, తనకు తెలియకుండానే, పరాయి దేశపు ఇమ్మిగ్రేషన్ పని మొదలుపెట్టాడు. ఈటీఏ చరిత్రను అర్థం చేసుకోవాలంటే కంప్యూటర్ల కంటే ముందు ఈ జరిమానాలనే చూడాలి.

ఆస్ట్రేలియాలో పుట్టుక

న్యూజీలాండ్ పౌరులు తప్ప బయటివారు ఎవరు వచ్చినా ముందే వీసా తీసుకోవాలన్నది ఆస్ట్రేలియా విధానం. 1990ల మొదట్లో పర్యాటకులు పెరుగుతున్నారు. 2000 సంవత్సరపు ఒలింపిక్స్ సిడ్నీకే దక్కాయని 1993లో తేలింది. విదేశాల్లోని వీసా కార్యాలయాలు అంత రద్దీని మోయలేవు, వీసా ఎత్తేయడానికి ప్రభుత్వం సిద్ధంగా లేదు. 1996లో మధ్యేమార్గం దొరికింది. టికెట్లు బుక్ చేసే ట్రావెల్ ఏజెంట్ల కంప్యూటర్లను ఇమ్మిగ్రేషన్ శాఖ కంప్యూటర్లకు కలిపారు. ఏజెంటు పాస్‌పోర్టు వివరాలు కొడితే, నిషేధిత జాబితాలతో సరిచూసి కొన్ని సెకన్లలో జవాబు వచ్చేది. చెక్-ఇన్ దగ్గర విమాన సంస్థ అదే డేటాబేస్‌ను అడిగి ఎక్కించుకోవచ్చా లేదా తేల్చుకునేది. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు చేరని రోజుల్లో ఇంత చేయడం గొప్ప ఆలోచనే. తర్వాత వచ్చిన ప్రతి దేశపు ఏర్పాటులోనూ ఈ నమూనా కనిపిస్తుంది.

అమెరికా ఈస్టా

అమెరికా 1986లో చట్టం చేసి, 1988లో బ్రిటన్, జపాన్ పౌరులతో వీసా మినహాయింపు పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2000లో అది శాశ్వతమైంది. ఆ పథకంలో వచ్చేవారు విమానంలో ఒక ఆకుపచ్చ కాగితం నింపేవారు. అంటే మనిషి అమెరికా గడ్డ మీద దిగేదాకా అతడెవరో ప్రభుత్వం ముందుగా పరిశీలించే వీలు దాదాపు లేదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత మూడు నెలలకే, బూటులో పేలుడు పదార్థం పెట్టుకుని పారిస్ నుంచి మయామీ విమానం ఎక్కిన వ్యక్తి దగ్గర ఉన్నది బ్రిటన్ పాస్‌పోర్టు. వీసా అక్కర్లేని పాస్‌పోర్టు అన్నమాట. ఈ లోపాన్ని ఎలా పూడ్చాలన్న చర్చ ఏళ్ల తరబడి సాగి, 2007 ఆగస్టులో వచ్చిన చట్టంలో ముందస్తు ఎలక్ట్రానిక్ అనుమతి తప్పనిసరి అని తేలింది.

2008 ఆగస్టు 1న ఈస్టా వెబ్‌సైటు తెరిచారు. 2009 జనవరి 12 నుంచి తప్పనిసరి చేశారు. కనీసం 72 గంటల ముందు దరఖాస్తు పెట్టమన్నారు. అనుమతి రెండేళ్లు చెల్లుతుంది. మొదట ఉచితం. 2010 సెప్టెంబర్ నుంచి 14 డాలర్లు తీసుకున్నారు. అందులో నాలుగు డాలర్లు నిర్వహణకు, పది డాలర్లు అమెరికా పర్యాటక ప్రచారానికి. ఈ నిధితో ప్రచారం చేసి పర్యాటకులను పిలవడం, పిలిచినవారి దగ్గరే ఆ ఖర్చు రాబట్టడం ఎంతవరకు న్యాయమని అప్పట్లో ఐరోపా దేశాలు అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరం సబబే. రుసుము 2022లో 21 డాలర్లు, 2025 సెప్టెంబర్ 30 నుంచి 40 డాలర్లు అయింది. భద్రత కోసం పుట్టిన ఏర్పాటు ఆదాయ మార్గంగా మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్నలూ పెరిగాయి. 2015 డిసెంబర్‌లో వచ్చిన చట్టం, 2011 మార్చి తర్వాత ఇరాన్, ఇరాక్, సిరియా, సూడాన్‌లకు వెళ్లివచ్చినవారిలో చాలామందికి ఈస్టా దారి మూసేసింది. ఈ జాబితాను తర్వాత పొడిగించారు. 2016 చివర సోషల్ మీడియా ఖాతాల వివరాలను ఐచ్ఛిక ప్రశ్నగా చేర్చారు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం వివరంగా చెప్పరు. మామూలు వీసాకు కాన్సులేట్ దగ్గరికి వెళ్లాల్సిందే. కంప్యూటర్ 'వద్దు' అన్నప్పుడు ఎందుకో అడిగే చోటు లేకపోవడం ఈ పద్ధతిలోని అసలు లోటు.

ఇతర దేశాలు

కెనడా ఈటీఏ 2016 మార్చిలో నిబంధనగా వచ్చి, గడువులు పొడిగించాక ఆ ఏడాది నవంబర్ 10 నుంచి పూర్తిగా అమలైంది. రుసుము ఏడు కెనడా డాలర్లు, చెల్లుబాటు ఐదేళ్లు. న్యూజీలాండ్ 2019 అక్టోబర్‌లో, దక్షిణ కొరియా 2021 సెప్టెంబర్‌లో చేరాయి. పర్యాటకులు తగ్గకూడదని కొరియా 2023లో కొన్ని దేశాలకు తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది. కెన్యా వీసాలను ఎత్తేస్తున్నానని ప్రకటించి 2024 జనవరిలో వాటి స్థానంలో ఈటీఏ పెట్టింది. ముందు వీసా అక్కర్లేని దేశాలవారికి దాంతో పని తగ్గకపోగా పెరిగింది. బ్రిటన్ 2023 నవంబర్‌లో ఖతార్ పౌరులతో ఆరంభించి, 2025 ఏప్రిల్ నాటికి ఐరోపా వారికి కూడా విస్తరించింది. లండన్ హీత్రూలో విమానం మారేవారికీ అనుమతి కావాలంటే ప్రయాణికులు వేరే విమానాశ్రయాలకు పోతారన్న ఆందోళనతో, ఇమ్మిగ్రేషన్ దాటకుండా మారేవారిని తాత్కాలికంగా మినహాయించింది. ఐరోపా ఎటియాస్ చట్టం 2018లోనే వచ్చినా అమలు పదే పదే వాయిదా పడింది. ఏడు యూరోలనుకున్న రుసుమును మొదలుకాక ముందే ఇరవైకి పెంచారు.

భారతదేశం, తెలుగువారు

2010 జనవరిలో జపాన్, సింగపూర్, ఫిన్లాండ్, లక్సెంబర్గ్, న్యూజీలాండ్ పౌరులకు దిగాక వీసా ఇచ్చే పద్ధతిని భారత్ మొదలుపెట్టింది. 2014 నవంబర్ 27న దానికి ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతిని జోడించి 43 దేశాలకు, తొమ్మిది విమానాశ్రయాలకు విస్తరించింది. ఆ తొమ్మిదింటిలో శంషాబాద్ ఒకటి. ముందే అనుమతి కాగితం తెచ్చుకోవాల్సినప్పుడు 'దిగాక వీసా' అన్న పేరు ప్రయాణికులను తికమక పెట్టింది. అందుకే 2015లో ఈ-టూరిస్ట్ వీసా అని మార్చారు. తర్వాత వ్యాపార, వైద్య అవసరాలకూ ఇస్తున్నారు. విశాఖపట్నంలోనూ ఈ-వీసాతో దిగవచ్చు. ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు లేని తెలుగు సంతతి అమెరికా పౌరులు చాలామంది సొంతూరికి వస్తున్నది ఈ దారినే.

భారత పాస్‌పోర్టుకు మాత్రం ఈస్టా గానీ బ్రిటన్, ఆస్ట్రేలియాల ఈటీఏ గానీ దొరకదు. ఆ దేశాలకు పూర్తి వీసా కావాలి. మనవారికి బాగా పరిచయమైన ఈటీఏ శ్రీలంకది. అది 2012 జనవరి 1న మొదలైంది. 2024 ఏప్రిల్‌లో ఆ పనిని విదేశీ ప్రైవేటు సంస్థలకు అప్పగించగా రుసుముల మీద, విమానాశ్రయంలో జరిగిన గందరగోళం మీద నిరసన రేగింది. ఆగస్టులో శ్రీలంక సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును నిలిపేసింది. సెప్టెంబర్‌లో పాత ఈటీఏ తిరిగి వచ్చింది. భారత పాస్‌పోర్టుతో అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి కెనడా వెళ్లడానికి ఈటీఏ అవసరం 2022 ఏప్రిల్ 26 నుంచి పోయింది. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు చాలు.

దరఖాస్తులో జరిగే తప్పులు

ఫోను యాప్ పాస్‌పోర్టును స్కాన్ చేస్తే పొరపాటుకు తావు తక్కువ. చేత్తో కొట్టినప్పుడు తనిఖీ అంకె రక్షణ ఉండదు. సున్నా బదులు 'ఓ' అక్షరం పడినా చెక్-ఇన్ దగ్గర అనుమతి కనిపించదు. తెలుగువారికి పేరుతో ఇంకో చిక్కు ఉంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగానే మిగిలిపోయింది. టికెట్‌లో ఒకలా, అనుమతిలో ఒకలా ఉంటే ఇబ్బంది తప్పదు. ఏది ఎలా ఉన్నా, పాస్‌పోర్టు అడుగు వరుసల్లో ఉన్నట్టే రాయాలి.

సెర్చ్‌లో పైన వచ్చే వెబ్‌సైట్లలో ప్రభుత్వానివి కానివి చాలా ఉంటాయి. అధికారిక రుసుముకు ఎన్నో రెట్లు తీసుకుని అదే దరఖాస్తు నింపుతాయి, పాస్‌పోర్టు వివరాలు వారి చేతిలో మిగిలిపోతాయి. ఆ దేశ రాయబార కార్యాలయం పేజీలో ఇచ్చిన లింకు నుంచే వెళ్లండి. పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే పాత అనుమతి గడువు మిగిలి ఉన్నా చెల్లదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి.