కట్టడానికి ఒకరు, కాపాడడానికి ఒకరు: అమెరికా రహదారుల నిధుల చరిత్ర

'రహదారి' అంటే నేడు తెలుగువారికి పెద్ద రోడ్డు. ఈ మాట ఫారసీ నుంచి వచ్చింది. మొగలుల పాలనలో దారి కాపలా పేరిట వర్తకుల నుంచి, బాటసారుల నుంచి వసూలు చేసే సుంకాన్ని రాహదారీ అనేవారు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌను కూర్చిన నిఘంటువులో దీనికి ప్రయాణానికి ఇచ్చే అనుమతి పత్రం అన్న అర్థం కనిపిస్తుంది. దారి, దానికి కట్టవలసిన సొమ్ము, దానిమీద అధికారం అనే మూడింటికీ ఉన్న సంబంధం ఆ మాటలోనే ఇమిడి ఉంది. అమెరికా జాతీయ రహదారుల చరిత్రలో ఈ మూడూ మూడు వేర్వేరు చేతుల్లో పడ్డాయి.

ఒక్క తరంలో దేశం నలుమూలలనూ కలుపుతూ 41,000 మైళ్ళ రహదారులకు పూనుకున్న దేశం, వాటిని బాగుచేసుకోవడానికి ఎందుకు తడబడుతోంది? పెట్రోలు పన్ను పెరగకపోవడమే కారణమని సాధారణంగా చెబుతారు. అది నిజమే కాని, సగం నిజం. నిర్మాణానికి డబ్బు ఇచ్చేది ఒకరు, మరమ్మత్తు బాధ్యత మోసేది మరొకరు అన్న ఏర్పాటు పెట్రోలు పన్నుకన్నా, మోటారు వాహనం కన్నా పాతది. దాని మూలాలు 1822 నాటి ఒక వీటోలో ఉన్నాయి.

మన్రో వీటో

అపలేచియన్ పర్వతాల తూర్పున ఉన్న పాత రాష్ట్రాలనూ, పడమట ఒహాయో నదీలోయలో కొత్తగా వెలుస్తున్న జనావాసాలనూ కలపడానికి ఒక రోడ్డు వేయాలని 1806లో కాంగ్రెస్ చట్టం చేసింది. అధ్యక్షుడు జెఫర్సన్ దానిపై సంతకం చేశాడు. కంబర్లండ్ రోడ్డు అనీ, నేషనల్ రోడ్ అనీ పేరుపడ్డ ఈ దారి నిర్మాణం 1811లో మేరీలండ్‌లోని కంబర్లండ్ పట్టణం దగ్గర మొదలై, 1818 నాటికి ఒహాయో నది ఒడ్డున ఉన్న వీలింగ్‌ను చేరింది. ఫెడరల్ ప్రభుత్వం తన సొమ్ముతో వేయించిన మొదటి పెద్ద రహదారి ఇదే.

బరువు బళ్ళు, పశువుల మందలు, వలస కుటుంబాలు నడిచిన ఆ దారి కొన్నేళ్ళకే గుంతలు పడింది. బాగుచేయడానికి నిలకడైన రాబడి కావాలి. దారి పొడవునా గేట్లు పెట్టి సుంకం వసూలు చేసి, ఆ సొమ్ముతో మరమ్మత్తులు చేయించాలని కాంగ్రెస్ 1822లో బిల్లు ఆమోదించింది. అధ్యక్షుడు జేమ్స్ మన్రో దానిని తిరస్కరించాడు. రోడ్డు కోసం ధనం మంజూరు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంది. కాని రాష్ట్రాల నేలమీద గేట్లు నిలిపి, సుంకం పిండి, కట్టనివారిని శిక్షించే పరిపాలనాధికారం రాజ్యాంగం ఇవ్వలేదన్నది అతని వాదన. అంటే సొమ్ము ఇవ్వవచ్చు, ఏలుబడి చేయరాదు.

తరువాతి ఏళ్ళలో మరమ్మత్తులకు అప్పుడప్పుడు కొంత సొమ్ము మంజూరైంది గాని, స్థిరమైన ఆదాయం ఏర్పడలేదు. 1830ల్లో రోడ్డును ముక్కలుగా ఆయా రాష్ట్రాలకే అప్పగించారు. ఫెడరల్ ప్రభుత్వం పెట్టలేకపోయిన గేట్లను రాష్ట్రాలు పెట్టాయి. ఆపై రైలు వచ్చింది. దూర ప్రయాణాలు పట్టాలెక్కాయి. రోడ్డు ప్రశ్న అర్ధశతాబ్దం పాటు మరుగున పడింది. కాని మన్రో గీసిన గీత చెరిగిపోలేదు. ఆ తరువాత వచ్చిన రహదారి చట్టాలు ఆ గీతను దాటకుండానే తమ పని సాగించుకున్నాయి.

చెరిసగం

రోడ్ల ప్రస్తావనను మళ్ళీ తెచ్చినవారు మోటారు యజమానులు కారు, సైకిలు తొక్కేవారు. 1880లో ఏర్పడిన అమెరికన్ సైకిలు సంఘం మంచి రోడ్ల కోసం ఉద్యమం నడిపింది. బురదలో బళ్ళు దిగబడి పంట సంతకు చేరని రైతులు క్రమంగా దానితో కలిశారు. 1893లో వ్యవసాయ శాఖలో రోడ్ల పరిశీలనకు ఒక చిన్న కార్యాలయం వెలిసింది. అది సమాచారం సేకరించేదే గాని రోడ్లు వేసేది కాదు.

1916 జులై 11న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సంతకం చేసిన ఫెడరల్ సహాయ రోడ్ల చట్టం అసలు మలుపు. అయిదేళ్ళకు 7.5 కోట్ల డాలర్లు కేటాయించి, ప్రతి పనిలోనూ సగం ఖర్చు రాష్ట్రం భరించాలని ఆ చట్టం నిర్ణయించింది. సొమ్ము కావాలంటే రాష్ట్రానికి సొంత రహదారుల శాఖ ఉండాలి. ఆ రోడ్లపై టోలు వసూలు చేయరాదు. కట్టిన రోడ్డును కాపాడే బాధ్యత పూర్తిగా రాష్ట్రానిదే. ఆ బాధ్యత నెరవేరకపోతే వ్యవసాయ శాఖ కార్యదర్శి నోటీసు ఇస్తాడు. నాలుగు నెలల్లో రోడ్డు బాగుపడకపోతే కొత్త పనులకు అనుమతి నిలిపివేస్తాడు.

ఈ చట్టంలోని మెలకువ గమనించదగినది. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాన్ని ఆజ్ఞాపించడం లేదు. సొమ్ముకు షరతు పెడుతోంది. మన్రో అభ్యంతరం చెప్పిన పరిపాలనాధికారం లేకుండానే నియంత్రణ వచ్చింది. అయితే మరమ్మత్తుకు ఒక్క డాలరూ రాలేదు. కొత్త రోడ్డుకు బహుమతి, పాత రోడ్డుకు బెదిరింపు – ఇదీ 1916 ఏర్పాటు. 1921 నాటి చట్టం సహాయాన్ని రాష్ట్రాల రోడ్లలో ఏడు శాతానికి పరిమితం చేసి, చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను వరుసగా కలిపే పద్ధతి తెచ్చింది. 1919 నుంచి 1953 వరకు రహదారుల బ్యూరోను నడిపిన టామస్ మెక్‌డొనాల్డ్ ఈ పద్ధతికి రూపం దిద్దాడు.

రాష్ట్రాలు తమ వంతు సొమ్ముకు పెట్రోలును ఆశ్రయించాయి. 1919లో ఆరెగన్ రాష్ట్రం గ్యాలనుకు ఒక సెంటు పన్ను వేసింది. పదేళ్ళలో అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. ఫెడరల్ ప్రభుత్వం 1932లో తానూ ఒక సెంటు వేసింది, అయితే రోడ్ల కోసం కాదు; ఆర్థిక మాంద్యంలో ఖాళీ అయిన ఖజానా నింపుకోవడానికి.

తొంభై, పది

1919లో సైనిక వాహనాల బారు ఒకటి వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరి 62 రోజులకు చేరింది. అందులో ఉన్న యువ అధికారి డ్వైట్ ఐసెన్‌హోవర్ ఆ రోడ్ల దుస్థితిని మరచిపోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ ఆటోబాన్లను చూశాడు. 1944లోనే కాంగ్రెస్ 40,000 మైళ్ళ అంతర్రాష్ట్ర వ్యవస్థను కాగితం మీద ఆమోదించింది గాని, దానికంటూ ప్రత్యేకమైన నిధులు ఇవ్వలేదు. అధ్యక్షుడయ్యాక ఐసెన్‌హోవర్ నియమించిన జనరల్ లూషస్ క్లే సంఘం బాండ్లు అమ్మి అప్పు తెచ్చి కట్టమని సూచించింది. వడ్డీభారం సహించలేని సెనేటర్ హ్యారీ బర్డ్ దానిని గట్టిగా ఎదిరించాడు. 1955లో ప్రయత్నం విఫలమైంది.

1956 జూన్ 29న సంతకమైన చట్టం మధ్యేమార్గం పట్టింది. పెట్రోలు పన్ను రెండు సెంట్ల నుంచి మూడుకు పెరిగింది. ఆ రాబడి అంతా హైవే ట్రస్ట్ ఫండ్ అనే ప్రత్యేక నిధికి చేరుతుంది. నిధిలో ఉన్నంతే ఖర్చు పెట్టాలి. 13 ఏళ్ళలో 41,000 మైళ్ళకు ఫెడరల్ ప్రభుత్వం దాదాపు 2,500 కోట్ల డాలర్లు ఇస్తుంది. ఖర్చులో 90 శాతం ఫెడరల్, 10 శాతం రాష్ట్రం. రోడ్డు యాజమాన్యం, నిర్వహణ మాత్రం యథాప్రకారం రాష్ట్రానివే.

పది సెంట్లు పెడితే డాలరు విలువైన రోడ్డు వస్తుంది. ఉన్న రోడ్డు బాగుచేయాలంటే డాలరుకు డాలరూ సొంత జేబులోంచే తీయాలి. ఈ లెక్క ముందుంచితే ఏ రాష్ట్రమైనా దేనికి మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. నగరాల నడిబొడ్డున, నల్లజాతివారి బస్తీలను చీల్చుకుంటూ రోడ్లు దూసుకుపోవడానికి వర్ణవివక్ష ఎంత కారణమో, ఈ చవక లెక్క కూడా అంత తోడ్పడింది. మినసోటాలోని సెయింట్‌పాల్‌లో ఐ-94 కింద నలిగిన రాండో బస్తీ అందుకొక ఉదాహరణ. ఖర్చు అంచనాలు దాటి, 1991 నాటి లెక్కలో మొత్తం 12,890 కోట్ల డాలర్లకు చేరింది.

కూలిన వంతెనలు

1967 డిసెంబర్ 15 సాయంత్రం. వెస్ట్ వర్జీనియాలోని పాయింట్ ప్లెజెంట్ వద్ద ఒహాయో నదిపై ఉన్న సిల్వర్ బ్రిడ్జ్ వాహనాలతో కిక్కిరిసి ఉండగా కూలిపోయింది. 46 మంది మరణించారు. 1928లో కట్టిన ఆ వంతెనను మోసే ఇనుప గొలుసులో ఒక్క కడ్డీ పగలడమే కారణం. వంతెనల తనిఖీకి దేశవ్యాప్తంగా ఒకే నియమం లేదన్న సంగతి అప్పుడు అందరి కళ్ళబడింది. 1968 చట్టం జాతీయ ప్రమాణాలు కోరింది. 1971లో అవి అమలులోకి వచ్చి, సాధారణంగా రెండేళ్ళకొకసారి తనిఖీ తప్పనిసరి అయింది. అంటే ఫెడరల్ ప్రభుత్వం మరమ్మత్తు వైపు మొదట పంపింది డబ్బును కాదు, తనిఖీని.

డబ్బు తరువాత వచ్చింది. తొలి ఇంటర్‌స్టేట్ రోడ్లు అరిగిపోతుండగా, 1976 చట్టం వాటి పైపొర మార్చడానికి, పునరుద్ధరణకు నిధులు కేటాయించింది. 1981లో పునర్నిర్మాణం కూడా చేరింది. మంచు తీయడం, గుంతలు పూడ్చడం వంటి రోజువారీ పనులు నేటికీ రాష్ట్రాల ఖర్చే. 1983లో కనెటికట్‌లో ఐ-95పై మియానస్ నది వంతెన ముక్క ఊడిపడి ముగ్గురు మరణించారు. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో మిసిసిపి నదిపై ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు.

ఈ చివరి ప్రమాదాన్ని మరమ్మత్తుల లేమికి నిదర్శనంగా చాలామంది చెప్పారు. పరిశోధకులు తేల్చింది వేరు. దూలాలను కలిపే గసెట్ ప్లేట్లు ఉండవలసిన మందంలో సగమే ఉన్నాయి. అది 1960ల నాటి రూపకల్పనలోని లోపం. కూలిన రోజున వంతెనపై మరమ్మత్తులే జరుగుతున్నాయి. అందుకోసం పోసిన కంకర, ఇసుక, యంత్రాల బరువు బలహీనమైన అతుకుల మీద పడింది. ఏటేటా తుప్పు కోసం వెతికిన తనిఖీ పుట్టుకతో వచ్చిన లోపాన్ని పట్టలేకపోయింది. నియమం దేనిని కొలవమంటే దానినే వ్యవస్థ చూస్తుంది.

షరతుల నియంత్రణ రోడ్డుతోనే ఆగలేదు. రహదారి సొమ్మును ఆసరాగా చేసుకొని 1974లో గంటకు 55 మైళ్ళ వేగపరిమితిని, 1984లో మద్యపానానికి 21 ఏళ్ళ వయోపరిమితిని కాంగ్రెస్ రాష్ట్రాల చేత ఒప్పించింది. సౌత్ డకోటా రాష్ట్రం సవాలు చేయగా, ఆ షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1987లో తీర్పు ఇచ్చింది. రోడ్డు గుంతను పూడ్చే అధికారం తనది కాదన్న ప్రభుత్వమే, రోడ్డు డబ్బుతో మద్యం దుకాణం నియమాన్ని మార్చగలిగింది.

18.4 సెంట్లు

1959లో నాలుగు సెంట్లయిన పన్ను 1983 దాకా కదలలేదు. ఆ ఏడు తొమ్మిదికి పెరిగింది. 1993లో 18.4 సెంట్ల దగ్గర ఆగి, నేటికీ అక్కడే ఉంది. అది ధరలో శాతం కాదు, గ్యాలనుకు ఇన్ని సెంట్లని లెక్క. కాబట్టి ధరలు పెరిగేకొద్దీ విలువ తరుగుతుంది. కార్లు తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోయేకొద్దీ రాబడి తగ్గుతుంది. తారు, ఉక్కు, కూలి మాత్రం పెరుగుతూ పోయాయి. 2008లో ట్రస్ట్ ఫండ్ అడుగంటి, సాధారణ ఖజానా నుంచి 800 కోట్ల డాలర్లు తెచ్చి పోయవలసి వచ్చింది. ఆ తరువాత అదే అలవాటైంది. 2021 నవంబర్‌లో వచ్చిన చట్టం ఒక్కటే 11,800 కోట్ల డాలర్లు తరలించింది. నిధిలో ఉన్నంతే ఖర్చు పెట్టాలన్న బర్డ్ నియమం పేరుకే మిగిలింది.

అదే చట్టం వంతెనల కోసం రాష్ట్రాలకు 2,750 కోట్ల డాలర్లు ప్రత్యేకంగా కేటాయించింది. 2012 చట్టం జాతీయ రహదారుల వంతెనల వైశాల్యంలో పదో వంతుకు మించి శిథిలమైతే రాష్ట్రం కొంత సొమ్మును వాటికే కేటాయించాలని అప్పటికే శాసించింది. ఫెడరల్ సొమ్ము కొత్త నిర్మాణం నుంచి పాతదాని రక్షణవైపు మళ్ళడానికి శతాబ్దం పట్టింది.

పోలికకు భారతదేశాన్ని చూడవచ్చు. 1927లో ఏర్పడిన జయకర్ సంఘం సూచనపై, 1929లో పెట్రోలుపై గ్యాలనుకు రెండణాల అదనపు సుంకంతో కేంద్ర రోడ్ల నిధి మొదలైంది. అమెరికా ట్రస్ట్ ఫండ్‌కన్నా 27 ఏళ్ళు ముందు. నేడు నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నాల మీదుగా సాగే జాతీయ రహదారి-16పై ప్రయాణించేవాడు పెట్రోలు మీద సెస్సూ, గేటు దగ్గర టోలూ రెండూ కడతాడు. రెండుసార్లు కట్టడం అతనికి భారమే. అయితే నిర్మించి, నడిపి, అప్పగించే పద్ధతిలో ఒప్పందకాలం ముగిసేదాకా కట్టినవాడే బాగుచేయాలి. ఆ ఒప్పందాలకు వేరే చిక్కులున్నా, అమెరికాలో విడిపోయిన రెండు బాధ్యతలు అక్కడ కొంతకాలమైనా ఒకే చేతిలో ఉంటాయి.

విద్యుత్ కారుకు పెట్రోలు పన్ను లేదు. దీనికి మార్గం వెదికినవారిలో ముందున్నది మళ్ళీ ఆరెగన్ రాష్ట్రమే. 1919లో తొలి పెట్రోలు పన్ను వేసిన ఆ రాష్ట్రం, 2015లో స్వచ్ఛందంగా చేరినవారి నుంచి నడిపిన మైలుకింత అని వసూలు చేసే పథకం ఆరంభించింది. దారిని వాడుకున్నంత మేరకు దాని రక్షణకు చెల్లించడమన్నది 1822లో కాంగ్రెస్ కోరినదే; గేటు మాత్రం లేదు. దేశమంతటా ఆ పద్ధతి వస్తే మైళ్ళు లెక్కించేది ఎవరు, వచ్చిన సొమ్ము కొత్త రోడ్డుకు పోతుందా పాత వంతెనకు పోతుందా అన్న నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్నలు మళ్ళీ కాంగ్రెస్ ముందుకే వస్తాయి. మన్రో తన వీటోలో లేవనెత్తిన అధికార ప్రశ్నకు, రెండు వందల ఏళ్ళుగా షరతులతో నెట్టుకొచ్చారే తప్ప, సూటిగా జవాబు చెప్పింది లేదు.