కూల్చివేత శిథిలాలు: వేరుచేస్తే సామగ్రి, కలిపివేస్తే చెత్త

ప్రత్యేక వ్యాసం

పాత ఇల్లు కూల్చి ఆ స్థలంలో బహుళ అంతస్తుల భవనం నిర్మించడం నేడు నగరాలలో సర్వసాధారణమైనది. అయితే కూల్చిన ఇంటి శిథిలాలు ఎక్కడికి చేరుతున్నవన్న ప్రశ్న అరుదుగానే వినిపిస్తుంది. రాత్రివేళ ట్రాక్టర్లు, టిప్పర్లలో తరలించిన ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు చెరువు శిఖాలలోను, నాలాలలోను, రోడ్ల పక్క ఖాళీ స్థలాలలోను పడుతుంటాయి. చెరువు పూడిన మేరకు నీరు నిలిచే చోటు తగ్గుతుంది. నాలా ఇరుకైన మేరకు వాననీరు కాలనీలలోకి మళ్లుతుంది. మరొకవైపు కొత్త భవనాలకు కావలసిన కంకర కోసం గుట్టలను పేల్చుతున్నారు, ఇసుక కోసం వాగులను తవ్వుతున్నారు. ఒకచోట పారవేస్తున్న దానినే మరొకచోట తవ్వుకొంటున్న పరిస్థితి ఇది.

వెనుకటి పద్ధతి

మన ప్రాంతంలో పాత ఇంటిని ఊడదీసినపుడు టేకు దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, పెంకులు, షాబాదు బండలు మరొక ఇంటికి చేరేవి. గానుగ సున్నంతో కట్టిన గోడల నుండి ఇటుకలు చాలావరకు పగలకుండా ఊడివచ్చేవి. సిమెంటుతో కట్టిన గోడలో ఇటుక విడివడదు, పగులుతుంది. దీనికి తోడు యంత్రాలతో ఒకటి రెండు రోజులలోనే భవనాన్ని నేలమట్టం చేయడం వలన కాంక్రీటు, మట్టి, కర్ర, ప్లాస్టిక్ కలగలిసిపోతున్నవి. కలిసిన శిథిలాలను తిరిగి వేరుచేయడానికి ఖర్చు ఎక్కువ, లభించే సరుకు నాణ్యత తక్కువ. కనుక తలుపులు, కిటికీలు, విద్యుత్ తీగలు, పైపులను ముందుగా తొలగించి, ఆ తరువాతనే గోడలను, స్లాబులను కూల్చడం ఉత్తమం.

నిబంధనలు

కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలను ప్రత్యేకంగా ప్రకటించినది. రోజుకు 20 టన్నులకు మించి, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులకు మించి వ్యర్థాలు వెలువరించేవారు పని ప్రారంభానికి ముందే స్థానిక సంస్థకు ప్రణాళిక సమర్పించాలని, వ్యర్థాలను కాంక్రీటు; మట్టి; ఇనుము, కర్ర, ప్లాస్టిక్; ఇటుకలు, సున్నం అని నాలుగు రకాలుగా వేరుచేయాలని ఆ నియమాలు నిర్దేశించినవి. మునిసిపల్, ప్రభుత్వ పనులలో 10 నుంచి 20 శాతం వరకు ఇటువంటి వ్యర్థాల నుండి తయారైన సామగ్రిని వాడాలని సూచించినవి. వీటి స్థానంలో 2026 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలయ్యే విధంగా కొత్త నియమాలను కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించినది. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత వైశాల్యం గల ప్రాజెక్టులలో వ్యర్థాల పునర్వినియోగ బాధ్యతను ఇవి నిర్మాణదారులపైననే ఉంచినవి.

పునర్వినియోగ కేంద్రాలు

ఢిల్లీలోని బురారీలో 2009లోనే ఇటువంటి కేంద్రం ఏర్పాటైనది. హైదరాబాద్‌లో రోజుకు 500 టన్నుల సామర్థ్యం గల కేంద్రం జీడిమెట్లలో 2020 నవంబరులో ప్రారంభమైనది. తరువాత ఫతుల్లాగూడలో మరొకటి నెలకొన్నది. ఈ కేంద్రాలలో శిథిలాలను పొడిచేసి, కడిగి, జల్లించి ఇసుకగాను, వివిధ పరిమాణాల కంకరగాను వేరుచేస్తారు. వీటితో పేవర్ బ్లాకులు, కర్బ్ రాళ్లు, గోడ ఇటుకలు తయారవుతాయి.

నాణ్యతపై సందేహం

పాత కాంక్రీటు నుండి తీసిన కంకర బలంగా ఉండదన్న అపోహ ఇంజనీర్లలోను, గుత్తేదారులలోను కనిపిస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 383 దీనికి 2016లోనే సమాధానమిచ్చినది. ఎం-15 కంటే తక్కువ గ్రేడు గల బెడ్ కాంక్రీటులో ఈ కంకరను 100 శాతం, ఇనుము లేని సాధారణ కాంక్రీటులో 25 శాతం, ఎం-25 గ్రేడు వరకు గల ఆర్‌సీసీలో 20 శాతం మేరకు వాడవచ్చును. పరిమితి తెలిసి వాడినచో సందేహానికి తావు లేదు. పనుల అంచనాలలో, టెండరు పత్రాలలో ఈ అంశాన్ని చేర్చనిదే ఉత్పత్తులకు గిరాకీ ఏర్పడదు. గిరాకీ లేనిదే కేంద్రాలు నిలదొక్కుకోలేవు.

ముందే తగ్గించవచ్చు

వ్యర్థం పుట్టిన తరువాత శుద్ధి చేయడం కంటే పుట్టకుండా చూడటం మేలు. పటిష్ఠంగా ఉన్న భవనాన్ని కూల్చడానికి బదులు మరమ్మతు చేయవచ్చునేమో ముందుగా పరిశీలించాలి. టైల్స్ కొలతలకు అనుగుణంగా గదుల కొలతలు నిర్ణయిస్తే ముక్కల వృథా తగ్గుతుంది. ఇనుప చువ్వలను ముందుగా పట్టిక వేసుకొని కత్తిరించాలి. విద్యుత్, నీటి పైపుల మార్గాలను ప్లాస్టరింగ్‌కు ముందే ఖరారు చేస్తే, పూర్తయిన గోడను తిరిగి చెక్కే పని తప్పుతుంది. చెక్కకు బదులు ఇనుప సెంట్రింగ్ షీట్లను పలుమార్లు వాడుకోవచ్చును.

ఇంటి యజమాని కూల్చివేత పనిని అప్పగించే రోజుననే శిథిలాలు ఎక్కడికి చేరాలో ఒప్పందంలో వ్రాయించుకోవాలి. అనుమతినిచ్చే అధికారి ఆ వివరాన్ని అడగాలి. ఈ రెండూ జరిగిననాడు చెరువులకు చేరుతున్న టిప్పర్లు పునర్వినియోగ కేంద్రాలకు మళ్లగలవు.