బలపం ఎవరి చేతిలో?

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డొనాల్డ్ బిట్జర్ అనే ఇంజనీరు కంప్యూటరుతో పాఠాలు చెప్పించే ఏర్పాటు మొదలుపెట్టాడు. దాని పేరు ప్లేటో. తెర మీద ప్రశ్న వస్తుంది, విద్యార్థి మీట నొక్కి జవాబిస్తాడు, తప్పయితే యంత్రం మళ్ళీ అడుగుతుంది. 1973లో అక్కడే చదువుకుంటున్న డేవిడ్ వూలీ అనే 17 ఏళ్ల కుర్రాడికి ఒక చిన్న పని అప్పగించారు. అప్పటిదాకా యంత్రంలోని లోపాలను అందరూ ఒకే ఫైల్లో టైపు చేసేవారు. ఎవరు రాసింది ఎవరైనా చెరిపేయొచ్చు. వూలీ ప్రతి మాటకూ రాసినవారి గుర్తు, తేదీ, వేళ దానంతటదే పడేలా, దాని కింద జవాబులు చేరేలా కట్టాడు. నాలుగు రోజులు తిరగకుండానే లోపాల సంగతి వెనకబడి అందులో సందేహాలు, వాదనలు, కబుర్లు నిండాయి. తెర మీది చదువులో నేర్చుకునేవాడి చేతికి బలపం అందింది అప్పుడేనని నా నమ్మకం.

ఆ తర్వాతి యాభై ఏళ్లలో ఆ బలపం చాలాసార్లు చేతులు మారింది. 1990లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్లో పేజీని చదవడమే కాదు, అక్కడికక్కడే దిద్దవచ్చు. 1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చి వెబ్‌ను ఇంటింటికీ చేర్చింది కానీ దిద్దే వీలు మాత్రం వదిలేసింది. లోకమంతా చూసేవాళ్లే అయ్యారు. 1995 మార్చి 25న వార్డ్ కనింగ్‌హామ్ పెట్టిన వికీ అనే సైటు ఆ వీలును తిరిగి తెచ్చింది. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు చూసి పెట్టాడట. 2001లో వికీపీడియా పుట్టింది ఆ పద్ధతి మీదే.

ఆన్‌లైన్ పాఠాలకు వాడే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ కథ నాకు ఇంకా ఇష్టం. దాన్ని రాసిన మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ఊళ్లో పెరిగాడు. పాఠాలు షార్ట్‌వేవ్ రేడియోలో వినేవాడు, పుస్తకాలు విమానంలో వచ్చేవి. దూరాన ఉన్న పిల్లవాడి ఒంటరితనం ఎరిగినవాడు కాబట్టే 2002లో వదిలిన మూడుల్‌లో పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు పెట్టాడు, కలిసి పదకోశం రాసుకునే చోటూ తర్వాత చేరింది. పైగా అందరికీ ఉచితంగా ఇచ్చాడు. తీరా మన కాలేజీలు చాలావరకు దాన్ని నోట్సు పెట్టే అటకగా వాడుకున్నాయి. ఇది నన్ను బాధపెట్టే విషయం.

మన దగ్గర చదువు ఆకాశం నుంచి దిగింది. 1975లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలు తెలుగులోనే విన్నాయి. 1982లో దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది, ఇప్పుడది అంబేడ్కర్ పేరున నడుస్తోంది. 2004లో శ్రీహరికోట నుంచి చదువుల ఉపగ్రహం ఎడ్యుశాట్ ఎగిరింది. ఎన్నో లక్షలమందికి మేలు చేసిన పనులివి, చేసినవారికి దణ్ణం పెట్టాలి. అయితే వీటన్నిటిలో చాలావరకు చెప్పేవారిదే గొంతు.

అందరికీ తెరిచిన ఆన్‌లైన్ కోర్సుల్లోనూ ఇదే జరిగింది. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ పెట్టిన కోర్సుకు రుసుము కట్టినవారు పాతిక మంది, ఉచితంగా చేరినవారు దాదాపు 2,200. ఎవరి పుటలో వారు రాసుకుని, ఒకరిది ఒకరు చదివి, ఒప్పుకుని, కాదని సాగారు. మూడేళ్లకు స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ కోర్సులో 1,60,000 మంది చేరారు, చివరిదాకా నిలిచినవారు దాదాపు 23,000. జనం పెరిగేసరికి కోర్సు మళ్ళీ వీడియోలు, క్విజ్‌ల వరస అయింది. ఇది తప్పనిసరి ఏమీ కాదు. లక్షమంది రాసింది దిద్దడం కన్నా లక్షమందికి వీడియో చూపించడం చవక, అంతే.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికి పోతే పిల్లలు ఆయన వచ్చేదాకా ఎదురుచూశారు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద వేదికల కన్నా నాకు గుర్తుండిపోయింది వాట్సాప్‌లో నడిచిన హోంవర్కు. పిల్ల నోట్‌బుక్ పేజీని ఫొటో తీసి పంపేది. ఫొటోలో అంచున వేలు పడేది, దీపం నీడ పడేది. టీచరమ్మ ఆ ఫొటో మీదే వేలితో ఎర్రగీత గీసి, కింద 'ఇక్కడ ఒత్తు మరిచావమ్మా' అని రాసి తిప్పి పంపేది. పిల్ల దిద్ది మళ్ళీ పంపేది. ఆ రెండేళ్లలో అసలైన చదువు జరిగిందంటే ఆ రాకపోకల్లోనే జరిగింది.

అలాంటి రాకపోకలకు ఇప్పటికీ తెరిచి ఉన్న చోటు తెలుగు వికీపీడియా. అది 2003 డిసెంబరులో మొదలైంది. వ్యాసాలు లక్ష దాటాయి. అందులో మన ఊళ్ల పేజీలు చాలా ఉన్నాయి గానీ, వాటిలో అనేకం జనాభా లెక్కల దగ్గరే ఆగిపోయాయి. ఊరి పేరు, ఇళ్లు ఎన్ని, అక్షరాస్యులు ఎందరు, అంతే. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ముందు శాసనంలో ఏముంది, సంత ఏ వారం జరుగుతుంది అన్నవి అక్కడ లేవు. పైన 'మార్చు' అన్న మీట ఉంది. పక్కనే 'చరిత్ర' నొక్కితే ఎవరు ఏ రోజు ఏ వాక్యం కలిపారో, ఎవరు తీసేశారో వరసగా కనిపిస్తుంది. రుజువు లేని మాట రాస్తే 'ఆధారం చూపాలి' అని ఎవరో ఒకరు తగిలిస్తారు. తొమ్మిదో తరగతి పిల్లకు మార్చు, చరిత్ర, ఆధారం చూపాలి అన్న ఆ మూడు మాటలు నేర్పే పాఠం ఏ వీడియోలోనూ దొరకదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి ప్రాజెక్టు పనికి చార్టు పేపర్లు కొనిపించకండి. మీ ఊరి పేజీ తెరిచి, శాసనాల సంపుటమో జిల్లా గెజిటీరో ముందు పెట్టి, పిల్లల చేత రాయించండి.